గార పళ్లు, పిప్పి పళ్లు: మన తండా పిల్లల నోటి ముచ్చట

(సంత్ సేవాలాల్ మహారాజ్ జయంతి సందర్భంగా జరిగిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

 పొద్దుటి నుంచి చదువుల గురించి, ఉద్యోగాల గురించి, మన గోర్ బోలి గురించి మంచి మాటలు విన్నాం. ఇప్పుడు మేము మాట్లాడబోయేది పళ్ల గురించి. వెనక వరసలో కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, తప్పేం లేదు. కాకపోతే నవ్వేటప్పుడు ఎంతమంది చెయ్యో చున్నీయో నోటికి అడ్డం పెట్టుకున్నారో ఒకసారి పక్కకు చూసుకోండి.

గిరిజన హాస్టళ్లలో పనిచేసే మేము ఈ అడ్డం పెట్టుకునే చేతుల్ని ఏళ్ల తరబడి చూస్తున్నాం. గ్రూప్ ఫొటో తీస్తే మా పిల్లలు నోరు బిగించి నిలబడతారు. తరగతిలో జవాబు తెలిసి కూడా లేవరు. లేచినా తల దించుకుని చెబుతారు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన అధికారులు “ఈ పిల్లలు పళ్లు తోముకోరా?” అని మమ్మల్ని అడుగుతారు. తోముకుంటారు సార్, మీకంటే గట్టిగా తోముకుంటారు. కొందరైతే ఇటుక పొడి పెట్టి, బొగ్గు పెట్టి చిగుళ్లు రక్తం కారేదాకా తోముతారు. అయినా ఆ గార పోదు. అది తోమితే పోయేది కాదు కాబట్టి.

ముందుగా ఒక సంగతి విడదీసుకోవాలి. మన పిల్లల నోళ్లలో రెండు వేర్వేరు జబ్బులున్నాయి. ఒకటి గార పన్ను. పన్ను మీద సుద్ద పూసినట్టు తెల్లటి మచ్చలు, పసుపు, గోధుమరంగు చారలు, ఎక్కువైతే గుంటలు. ఇది నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చేది. రెండోది పిప్పి పన్ను. పన్నుకు రంధ్రం పడి, నల్లబడి, నొప్పి పుట్టి, దవడ వాచేది. ఇది తీపి వల్ల, పళ్లు కడగకపోవడం వల్ల వచ్చేది. రెండింటికీ కారణాలు వేరు, జాగ్రత్తలు వేరు. మన ఇళ్లలో రెండింటినీ కలిపి “పండ్లు ఖరాబైనయ్” అని ఒక్క మాటలో తేల్చేస్తారు. అందుకే దేనికీ సరైన పని జరగదు.

గార పన్ను చరిత్ర కొంచెం చెప్పాలి. ఎందుకంటే చాలామంది ఇది మన మురికి వల్లనో, మన తిండి వల్లనో, మన జాతికే ఉన్నదనో అనుకుంటారు. 1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరికి ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర దంతవైద్యుడు వెళ్లాడు. అక్కడ పుట్టి పెరిగిన తెల్లవాళ్ల పిల్లలకు ఇదే గోధుమరంగు గార. బయటినుంచి పెద్దయ్యాక వచ్చినవాళ్లకు లేదు. ఆయన ఏళ్ల తరబడి వెతికాడు. కారణం నీళ్లలోని ఫ్లోరైడ్ అని 1931లో గానీ తేలలేదు. మన దేశంలో 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రం నెల్లూరు జిల్లాలో దీన్ని గుర్తించారు. మన నల్లగొండ పేరు 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌కు ఎక్కింది. సిద్దిఖీ అనే వైద్యుడు ఇక్కడి రోగుల గురించి అందులో రాశారు. 1973లో జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు మన దగ్గరి పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడం గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. అంటే మన పిల్లల ఎముకలు, పళ్లు మనకంటే ముందే లండన్‌కు చేరాయి. నీళ్లు మాత్రం మన తండాకు రావడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది.

ఇంకో సంగతి వింటే ఆశ్చర్యపోతారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తిప్పి, తేర్చి నీళ్లలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థవాళ్లు తయారుచేశారు. దానికి పెట్టిన పేరే ‘నల్గొండ టెక్నిక్’. ఆ పేరుతోనే టాంజానియా, కెన్యా, ఇథియోపియా దాకా పోయింది. మన జిల్లా పేరు ఆఫ్రికాలో ఒక మందు పేరులాగా వినిపిస్తుంది. గర్వపడాలో బాధపడాలో మాకైతే ఇప్పటికీ తెలియదు.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. జలసాధన సమితి పిలుపు మీద ఫ్లోరైడ్ బాధిత ఊళ్ల రైతులు, కూలీలు నామినేషన్లు వేశారు. గెలవడానికి కాదు, దేశం ఇటు తిరిగి చూడడానికి. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. ఆ ఏడాదే డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచేశారు. మీలో చాలామంది అప్పటికి పుట్టలేదు. మర్రిగూడ మండలం శివన్నగూడకు చెందిన అంశాల స్వామి గారి పేరు మాత్రం వినే ఉంటారు. ఫ్లోరైడ్‌తో ఒళ్లంతా వంకరపోయినా ఊరూరా, ఢిల్లీ దాకా తిరిగి నీళ్ల కోసం మాట్లాడిన మనిషి. 2023 జనవరిలో పోయారు. పోయేముందు నల్లా నీళ్లు చూసిపోయారు, అదొక్కటే ఊరట.

అవును, నీళ్లు వచ్చాయి. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మిషన్ భగీరథ మొదలుపెట్టారు. ఇప్పుడు దేవరకొండ గుట్టల మీది తండాలకు కూడా కృష్ణా నీళ్ల పైపులున్నాయి. మరి గార పళ్ల కథ అయిపోయిందా? ఇక్కడే మీరు శ్రద్ధగా వినాలి.

పెద్ద పళ్లు, అంటే పాల పళ్లు ఊడాక వచ్చేవి, చిగురు కింద ఎప్పుడు తయారవుతాయో తెలుసా? ముందు పళ్ల పైపొర బిడ్డ పుట్టిన మూడు నాలుగు నెలలకే తయారవడం మొదలై, నాలుగైదేళ్లకు పూర్తవుతుంది. మిగతావి ఏడెనిమిదేళ్లకు పూర్తవుతాయి. ఆ కాలంలో ఫ్లోరైడ్ ఎక్కువగా లోపలికి పోతేనే గార పడుతుంది. ఎనిమిదేళ్లు దాటాక ఎంత ఫ్లోరైడ్ నీళ్లు తాగినా ఎముకలకు చెరుపు జరుగుతుంది గానీ, తయారైపోయిన పన్నుకు కొత్తగా గార రాదు. మా హాస్టళ్లకు పిల్లలు మూడో తరగతిలోనో ఐదో తరగతిలోనో వస్తారు. అప్పటికి చిగురు కింద కథ రాసేసి ఉంటుంది. మేము ఎంత మంచి నీళ్లు పోసినా, ఎంత మంచి పేస్టు ఇచ్చినా ఆ గీతలు చెరపలేం. చెయ్యగలిగింది మీరే. రేపోమాపో తల్లిదండ్రులు కాబోయేవాళ్లు, ఇంట్లో అక్క పిల్లల్ని, అన్న పిల్లల్ని ఎత్తుకు తిరిగేవాళ్లు మీరే కదా.

ఆ మొదటి మూడు నాలుగేళ్లలో మన తండా బిడ్డ ఏ నీళ్లు తాగుతుందో లెక్కేయండి. ఇంటి ముందర భగీరథ నల్లా ఉంటుంది. కానీ పత్తి ఏరే కాలంలో తల్లి పొద్దున్నే బిడ్డను తీసుకుని చేనుకు పోతుంది. పొద్దుగూకేదాకా అక్కడే. అక్కడ తాగేది చేనులోని బోరు నీళ్లు. అన్నం ముద్దలో కలిపేవి అవే, చాయ్ కాచేవీ అవే. ఇంకొందరి ఇళ్లలో ముసలివాళ్లకు నల్లా నీళ్ల మందు వాసన నచ్చదు. “బోరు నీళ్లే తియ్యగుంటయ్” అని బోరింగు కాడికే బిందె పంపిస్తారు. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. తియ్యగా ఉన్నాయంటే మంచివని అర్థం కాదు. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలని మన దేశ ప్రమాణం. వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా. అది నాలుకతో తేలే లెక్క కాదు, పరీక్ష చేయించాల్సిందే.

కాచి చల్లార్చితే పోతుంది కదా అని ఒక చెల్లి మమ్మల్ని అడిగింది. పోదు. నీళ్లు ఆవిరై తగ్గుతాయి, ఫ్లోరైడ్ అక్కడే మిగిలి ఇంకా చిక్కబడుతుంది. కాచడం క్రిములకు మందు, ఫ్లోరైడ్‌కు కాదు. గుడ్డతో వడకట్టినా అంతే.

కాబట్టి చేనుకు పోయేటప్పుడు బిడ్డ కోసం ఒక రెండు లీటర్ల సీసాలో ఇంటి నల్లా నీళ్లు పట్టుకుపోవాలి. ఇదేమంత పెద్ద పని? పురుగుమందు డబ్బా, సద్ది గిన్నె, సెల్‌ఫోన్ ఛార్జరు మోసుకుపోతున్నాం. చేనులో నీళ్లుండగా సీసా ఎందుకు మొయ్యాలి అని అత్త అంటుంది. ఆ అత్తకు చెప్పాల్సింది కోడలు కాదు, కొడుకు. తమ్ముళ్లూ, ఆ సీసా మీరు మొయ్యండి.

ఇంకో మంచి మాట. తల్లి ఫ్లోరైడ్ నీళ్లు తాగినా ఆమె పాలలోకి వచ్చేది చాలా తక్కువ. ఆరు నెలల దాకా తల్లిపాలు మాత్రమే ఇస్తే బిడ్డకు అదే పెద్ద అడ్డుగోడ. డబ్బా పాలు బోరు నీళ్లతో కలిపితే ఆ గోడ కూలినట్టే. తర్వాత కూడా కాల్షియం బాగా అందే బిడ్డ ఒంటికి ఫ్లోరైడ్ తక్కువ పడుతుంది. పాలు, రాగి జావ, మునగాకు, ఉసిరి, జామ ఇవన్నీ మన దగ్గర దొరికేవే. అంగన్‌వాడీలో ఆరోగ్య లక్ష్మి కింద గర్భిణికి, బాలింతకు రోజుకు 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. ఆ పాలు ఇంటికి తెచ్చి అందరికీ చాయ్ కాచడం మేము కళ్లారా చూశాం. అది తల్లి తాగాల్సింది.

చింతపండు గురించి కూడా చెప్పాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవాళ్లు బడి పిల్లలకు చింతపండు ఇచ్చి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని 2002లో అచ్చువేశారు. అంటే మన పచ్చి పులుసు, చింతపండు చారు తక్కువవి కావు. అయితే చారు పోసుకున్నాం కదా అని బోరు నీళ్లు తాగొద్దు. మంచి నీళ్లకు అది బదులు కాదు.

చాయ్ మాత్రం మన శత్రువు. తేయాకులోనే ఫ్లోరైడ్ ఉంటుంది. బోరు నీళ్లలో చాయ్ కాచితే రెండింతలు. దానికి చక్కెర తోడైతే గార, పిప్పి రెండూ ఒకే గ్లాసులో పోసి ఇచ్చినట్టు. ఏడాదిన్నర బిడ్డకు చాయ్‌లో బిస్కెట్ ముంచి నోట్లో పెట్టడం మన తండాల్లో ప్రేమ కింద లెక్క. ఈ ప్రేమ మానేయండి.

ఇక పిప్పి పన్ను. ఉమ్మడి పాలమూరు తండాల నుంచి, అమ్రాబాద్ వైపు చెంచు పెంటల నుంచి వచ్చిన తమ్ముళ్లు కూడా ఇక్కడున్నారు. మీ ఊళ్లలో గార అంతగా లేకపోవచ్చు, పిప్పి లేని ఊరు మాత్రం లేదు. తల్లిదండ్రులు బొంబాయికో పుణెకో హైదరాబాద్‌కో కూలికి పోతారు. బిడ్డ నాయనమ్మ దగ్గర ఉంటుంది. బిడ్డ ఏడిస్తే ముసలమ్మ ఏం చేస్తుంది? ఐదు రూపాయలిచ్చి కిరాణం కొట్టుకు పంపుతుంది. చాక్లెట్, క్రీమ్ బిస్కెట్, రంగు నీళ్ల ప్యాకెట్. నోట్లోని క్రిములు ఆ చక్కెర తిని ఆమ్లం చేస్తాయి, ఆ ఆమ్లం పన్నును కరిగిస్తుంది. ఎంత తీపి తిన్నామన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నామన్నదే ఎక్కువ చెరుపు. భోగ్ భండార్ నాడు బెల్లం, నెయ్యి కడుపు నిండా తిన్న బిడ్డ పన్ను పుచ్చిపోదు. రోజూ గంటకొకసారి చాక్లెట్ చప్పరించే బిడ్డ పన్ను పుచ్చుతుంది. అంగన్‌వాడీ బాలామృతం కూడా తియ్యగానే ఉంటుంది. పెట్టాలి, బలమైన తిండి. పెట్టాక రెండు గుక్కల నీళ్లు తాగించాలి. నోట్లో పాల సీసా పెట్టి పడుకోబెట్టడం మాత్రం అసలే వద్దు.

“పాల పళ్లే కదా, ఊడిపోయేవే కదా” అనే మాట మా చెవుల్లో రోజూ పడుతుంది. పాల పళ్లు ఇరవై. ఆరు నెలలకు అటుఇటుగా మొదలై మూడేళ్లలోపు అన్నీ వస్తాయి. వెనక దవడలోని పాల పళ్లు పది పన్నెండేళ్ల దాకా ఉండాలి. అన్నం నమిలేది వాటితోనే. నొప్పి ఉన్న బిడ్డ నమలదు, మింగేస్తుంది. రాత్రి నిద్రపోదు. ముందే ఊడితే పక్క పళ్లు ఆ జాగాలోకి జరిగి, పెద్ద పన్ను వంకరగా వస్తుంది.

అన్నింటికంటే ముఖ్యమైనది ఆరేళ్లకు వచ్చే పెద్ద దవడ పన్ను. ఇది ఏ పాల పన్నూ ఊడకుండానే, అన్నింటికీ వెనక, చప్పుడు లేకుండా వస్తుంది. ఇంట్లో అందరూ దాన్ని పాల పన్నే అనుకుంటారు. పుచ్చితే “ఊడిపోతదిలే” అంటారు. అది ఊడితే మళ్లీ రాదు. మా హాస్టల్లో పదేళ్ల పిల్లల నోళ్లు చూస్తే ముందుగా పాడైనది దాదాపు ప్రతిసారీ ఈ పన్నే.

పొద్దున్నే రోడ్డు మీద పరుగెత్తే తమ్ముళ్లకు దీని ఖరీదు చెబుతాం. ఆర్మీలో సిపాయిగా చేరాలంటే నోట్లో కనీసం 14 డెంటల్ పాయింట్లు ఉండాలి. ముందు పన్ను ఒక్కదానికి ఒక పాయింటు, దవడ పన్నుకు రెండు. అదీ కింది పన్ను, పై పన్ను ఒకదానికొకటి ఆనుతూ ఉంటేనే. రెండు వైపులా ఆరేళ్ల దవడ పన్ను పోతే నాలుగు పాయింట్లు పోయినట్టే. పక్కది కూడా పోతే పరుగులో ఫస్టు వచ్చినా మెడికల్‌లో ఆగిపోతారు. ఆరేళ్లప్పుడు తిన్న చాక్లెట్‌కు పద్దెనిమిదేళ్లప్పుడు బిల్లు కట్టడమంటే ఇదే.

బిడ్డ పళ్లు ఎలా కడగాలి? మొదటి పన్ను కనబడ్డ రోజు నుంచే. మెత్తటి తడి గుడ్డతో, తర్వాత చిన్న బ్రష్‌తో. రాత్రి పడుకునే ముందు తప్పనిసరి, పొద్దున ఇంకోసారి. ఏడెనిమిదేళ్ల దాకా పెద్దవాళ్లే తోమాలి, బిడ్డ చేతికి ఆ పని రాదు. మూడేళ్లలోపు బియ్యపు గింజంత పేస్టు, ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత. టీవీ ప్రకటనలో బ్రష్ నిండా పిండినట్టు కాదు. మరి ఫ్లోరైడ్ ప్రాంతంలో ఫ్లోరైడ్ పేస్టు వాడొచ్చా? మంచి ప్రశ్న. పన్ను మీద పూసి ఉమ్మేసే ఫ్లోరైడ్ పిప్పిని ఆపుతుంది. మింగే ఫ్లోరైడ్ గార తెస్తుంది. ఇంట్లో మంచి నీళ్లే వాడుతుంటే, ఆ చిన్న మోతాదు పేస్టుతో భయం లేదు. ఇంకా బోరు నీళ్ల మీదే బతుకుతున్న ఇల్లయితే, పేస్టు మింగే వయసు బిడ్డకు ఏది వాడాలో దంత డాక్టరును అడగండి. వేప పుల్ల పెద్దవాళ్లకు బాగానే ఉంటుంది, రెండేళ్ల బిడ్డకు కాదు.

నెలకొకసారి బిడ్డను వెలుతురులో కూర్చోబెట్టి పై పెదవి ఎత్తి చూడండి. చిగురు అంచున తెల్లటి సుద్ద గీత కనిపిస్తే అది పిప్పికి మొదలు. అప్పుడే తీసుకుపోతే డాక్టరు ఆపగలరు. నల్లబడి రంధ్రం పడ్డాక ఖర్చు, నొప్పి రెండూ పెరుగుతాయి.

నమ్మకాల గురించి తొందరగా చెబుతాం. పై పన్ను ముందొస్తే మేనమామకు గండం అంటారు. ఇక్కడ మేనమామలు చాలామందే కూర్చున్నారు, అందరూ క్షేమంగానే ఉన్నారు. పై పన్ను పీకిస్తే కళ్లు పోతాయంటారు. పోవు. వీటితో పెద్ద నష్టం లేదు, కానీ ఒక నమ్మకం ప్రాణం తీస్తుంది. పళ్లొచ్చేటప్పుడు విరేచనాలు మామూలే అని ఊరుకోవడం. ఆ వయసులో బిడ్డ దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది, కడుపు చెడేది అందుకే. వెంటనే ఓఆర్‌ఎస్ తాగించి, ఆశా కార్యకర్తకు చూపించాలి.

ఇక డాక్టరు. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ్ కింద వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి రావాలి. వాళ్లు చూడాల్సిన వాటిలో పళ్లు కూడా ఉన్నాయి. వాళ్లు వచ్చే తేదీ అడిగి తెలుసుకుని, ఆ రోజు మీ చెల్లిని, మీ మేనకోడలిని అక్కడ ఉంచండి. “పళ్లు చూడండి” అని మీరే నోరు తెరిచి అడగండి. అడగకపోతే ఎత్తు, బరువు రాసుకుని పోతారు. ఒకసారి దవడ వాచిన పిల్లను మేము ఒక ఆసుపత్రికి తీసుకుపోతే, అక్కడివాళ్లు గార చూసి “నల్లగొండ పండ్లు గిట్లనే ఉంటయ్” అని పంపేయబోయారు. లోపలి పిప్పి పన్ను చూపించి, కూర్చుని, మందు రాయించుకుని వచ్చాం. గార ఉన్న పన్నుకు పిప్పి రాదని ఎక్కడా లేదు. గుంటలు పడ్డ పన్ను ఇంకా తొందరగా విరుగుతుంది.

ఇప్పటికే గార ఉన్న మీకు రెండు మాటలు. మీ పళ్లు మురికివి కావు. ఇటుక పొడి, ఉప్పు, బ్యాటరీ నీళ్లు పెట్టి రుద్దకండి. ఆ చివరిది కూడా చేసినవాళ్లున్నారు, అందుకే చెబుతున్నాం. పైపొర పోతే మళ్లీ రాదు. తేలికపాటి మచ్చలను డాక్టర్లు పాలిష్ చేసి తగ్గించగలరు, లోతైన వాటి మీద పన్ను రంగు పూత వేస్తారు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో కనుక్కోండి, ప్రైవేటులో అయ్యే ఖర్చు అక్కడ కాదు. పెళ్లిచూపుల్లో పళ్లు చూసి వెనక్కి పోయిన సంబంధం గురించి ఏడ్చే ఆడపిల్లల్ని మేము చూశాం. అబ్బాయిలూ, మీ ఇంటివాళ్లు ఆ మాట అంటే, మీ నోట్లో కూడా అదే గార ఉందని గుర్తుచేయండి.

మాట్లాడింది చాలు. మధ్యాహ్నం భోజనాల తర్వాత, నీళ్ల సీసాలు తెచ్చినవాళ్లు ఎడమ వైపు బల్ల దగ్గరికి రండి. వాటిని గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబుకు పంపుతున్నాం. సీసా మీద తండా పేరు, ఆ బోరు ఎవరి చేనులో ఉంది, నీళ్లు పట్టిన తేదీ రాసి అంటించండి. తేనివాళ్లు వచ్చే ఆదివారం లోపు హాస్టల్‌కు పంపండి. గాజు సీసా వద్దు, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టండి. పట్టేముందు అదే నీళ్లతో మూడుసార్లు కడగండి. ఫలితం రాగానే ప్రతి తండా వాట్సాప్ గ్రూపులో పెడతాం. చిన్నపిల్లలున్న ఇళ్లకు మాత్రం గ్రూపు చూస్తారులే అని వదిలేయకుండా, మీరే పోయి చదివి వినిపించాలి.